పై రెక్క తెరిచి, కింది రెక్క మూసి...

మీ ఇంట్లో పొద్దున్నే కిటికీ తెర తీసేదెవరు? రాత్రి ఆఖరి లైటు ఆర్పేదెవరు? రెండిటికీ జవాబు ఒకటే అయ్యుంటుంది. మీరే! సరే, ఇంకో ప్రశ్న. ఆ తెర ఎంతవరకు తీయాలో, ఆ లైటు ఎప్పుడు ఆర్పాలో నిర్ణయించేది కూడా మీరేనా? ఇక్కడ మాత్రం చప్పున జవాబు రాదు. ఎదురు బాల్కనీలో ఎవరు నిలబడ్డారో చూసుకుని తెర, ఇంట్లో ఎవరు పడుకున్నారో చూసుకుని లైటు... పని మనది, పెత్తనం పదిమందిది.

నేనుండేది అశోక్ నగర్‌లో. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి మా వీధిలో నడుస్తూ తలెత్తి చూడండి, ఓ విడ్డూరం కనిపిస్తుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటుంది. ఫ్లాట్లలో మాత్రం వరసగా తెరలు మూసి, లోపల లైట్లు వెలుగుతుంటాయి. వెలుగుని లక్స్ అనే కొలతతో లెక్కిస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట 10 వేలకి అటూ ఇటూ ఉంటుంది. పుస్తకం చదువుకోవడానికి 300 నుంచి 500 ఉంటే బ్రహ్మాండం. అంటే గుమ్మం ముందు నుంచి ఏరు పారుతుంటే, ఇంట్లో బిందెడు నీళ్లు కొనుక్కుని వాడుకుంటున్నట్టన్నమాట!

ఇది ఆడవాళ్ల బద్ధకమనీ, కరెంటంటే లెక్కలేకపోవడమనీ తేల్చేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఎదురు భవనం పదిహేనడుగుల దూరంలో ఉంటుంది. అందులో రెండంతస్తులు మగపిల్లల హాస్టలు. చీర కుచ్చిళ్లు సర్దుకోవాలన్నా, పసిబిడ్డకి పాలివ్వాలన్నా, నైటీలో కూరగాయలు తరుక్కోవాలన్నా తెర మూసుకోక ఏం చేస్తారు? పాపం ఆ పిల్లలు వాళ్ల చదువేదో వాళ్లు చదువుకుంటూ ఉండొచ్చు. కానీ చూస్తున్నారేమో అన్న అనుమానం చాలు, పగలంతా చీకట్లో గడపడానికి.

నాలుగు రెక్కల కిటికీ

1985లో నేను కాపురానికొచ్చినప్పుడు మేం అద్దెకున్నది ఓ పాత ఇంటి వెనక భాగంలో. ముందు వరండా, పక్కన జామచెట్టు, గదికి రెండేసి కిటికీలు. ఆ కిటికీలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నిలువు చువ్వలు, వాటి వెనక నాలుగు చెక్క రెక్కలు. కింద రెండు, పైన రెండు. దేని గడియ దానిదే.

మా అత్తగారు ఆ నాలుగు రెక్కలతో ఎంత పని చేయించేవారో! తెల్లవారగానే నాలుగూ తెరిచేవారు. మగవాళ్లు ఆఫీసులకెళ్లి, వీధిలో జనం తిరగడం మొదలయ్యేసరికి కింది రెండూ మూసేసి పై రెండూ ఉంచేవారు. ఇక లోపల మేం ఎలా ఉన్నా, ఎక్కడ కూర్చున్నా బయటివాళ్లకి కనిపించేది దూలాలూ, తిరిగే ఫ్యానూ. మాకు మాత్రం ఆకాశం ముక్క, దాని వెలుగు దక్కేవి. మధ్యాహ్నం పడమటి కిటికీ రెక్కలు నాలుగూ బంద్. సాయంత్రం నీరెండ తగ్గాక మళ్లీ ఒక్కటొక్కటే తెరుచుకునేవి. "అమ్మాయ్, పై రెక్క తెరిచి కింది రెక్క మూసెయ్" అన్న మాట రోజుకి నాలుగుసార్లయినా వినేదాన్ని.

అందులో మర్యాద సంగతొక్కటే కాదు, మంచి లెక్క ఉంది. గదిలోకి ఎక్కువ దూరం వెలుగు చేరవేసేది కిటికీ పైభాగమే. ఆకాశం కనబడేది అక్కణ్ణుంచే కదా. కింది భాగంలోంచి వచ్చే వెలుగు కిటికీ దగ్గరే ఆగిపోతుంది. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటుందో, సుమారు దానికి రెండింతల దూరం దాకా గదిలో పనికొచ్చే పగటి వెలుగు వస్తుందని ఇళ్లు కట్టేవాళ్లు ఓ మోటు లెక్క వేస్తారు. పైఅంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే 14 అడుగుల లోపలికి అన్నమాట. కాబట్టి కింది రెక్కలు మూసినా పోయే వెలుగు తక్కువ, దక్కే చాటు ఎక్కువ.

2003లో ఆ ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టారు. అందులోనే ఓ ఫ్లాటు కొనుక్కున్నాం. కొత్త కిటికీలు చూసి నేనెంత మురిసిపోయానో! అల్యూమినియం ఫ్రేము, పెద్ద అద్దాలు, వేలితో తోస్తే జరిగిపోయే తలుపులు. ఇవి పక్కకి జరుగుతాయి, పైకీ కిందికీ విడిపోవు. ఎటు జరిపినా నిలువునా సగం తెరుచుకుంటుంది, ఆ సగంలోంచి నిలువెత్తు మనిషి కనిపిస్తుంది. ఇక మిగిలింది తెర. పై నుంచి కింది దాకా ఒకటే గుడ్డ. వేస్తే మొత్తం చీకటి, తీస్తే మొత్తం బట్టబయలు. నాలుగు రెక్కలు చేసే పని ఒక్క గుడ్డ ఎలా చేస్తుంది?

పైగా ఒకసారి వేసిన తెర అలాగే ఉండిపోతుంది. మన దగ్గరే కాదు సుమా. 1970ల చివర్లో అమెరికాలో, బ్రిటన్‌లో ఆఫీసు భవనాలని గమనించినవాళ్లు ఇదే రాశారు. ఎండ కళ్లల్లో పడుతోందని కిటికీ పట్టీలు దించినవాళ్లు, ఎండ వెళ్లిపోయాక వాటిని మళ్లీ ఎత్తడం అరుదట. పొద్దున్నే వచ్చి వేసిన లైట్లు ఆఖరి మనిషి ఇంటికెళ్లేదాకా వెలుగుతూనే ఉంటాయట. ఇబ్బంది కలిగితే మనిషి లేచి సర్దుకుంటాడు. ఇబ్బంది పోయిందని ఎవరు లేస్తారు చెప్పండి? రోజుకి నాలుగుసార్లు లేచిన మా అత్తగారిలాంటి వాళ్లు తప్ప!

దీపం గోడకెక్కిన కథ

వెలుగులో రెండో సగం రాత్రిది. కరెంటు రాకముందు దీపానికి కాళ్లుండేవి. లాంతరు ఎవరికి కావాలంటే వాళ్ల దగ్గరికి వెళ్లేది. చదువుకునే పిల్లాడి పక్కకి, పొయ్యి దగ్గరికి, పెరట్లోకి. దాని చుట్టూ కూర్చున్నవాళ్లు వత్తి ఎత్తుకునేవాళ్లు, తగ్గించుకునేవాళ్లు. వెలుగు తక్కువే, పొగా ఎక్కువే, ఒళ్లు కాలే భయమూ ఉండేది. ఆ రోజులు మళ్లీ రావాలని నేననడం లేదు. కానీ కరెంటు వచ్చాక దీపం గది నడిమధ్యన, పైకప్పుకి అతుక్కుపోయింది. దాని చెవి తలుపు పక్కన గోడకెక్కింది. గదికో బల్బు, బల్బుకో స్విచ్. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకే వెలుగు, ఒకే చీకటి.

ఈ పద్ధతి ఎవరికెంత నొప్పో తెలియాలంటే మా పేటలో ఆడపిల్లల హాస్టలు గదిలోకి ఓసారి తొంగి చూడాలి.

అశోక్ నగర్, చిక్కడపల్లి అంటే ఇప్పుడు రాష్ట్రంలో నలుమూలలా తెలిసింది గ్రూప్స్ పరీక్షల కోచింగ్ గురించే. ఆడపిల్లల చదువుకి ఈ చుట్టుపక్కల పాత పేరే ఉంది లెండి. నారాయణగూడలో రెడ్డి మహిళా కళాశాల 1954 నుంచీ ఉంది.  ఇప్పుడొచ్చే పిల్లలు డిగ్రీలయిపోయి, ఊళ్లో అమ్మానాన్నల్ని ఒప్పించి, రెండేళ్లో మూడేళ్లో ఇక్కడే గదుల్లో ఉండి చదువుతారు. రోజుకి పది, పన్నెండు గంటలు కళ్లతో పని.

సిద్దిపేట దగ్గర్నుంచి వచ్చిన మా అన్నయ్య కూతురు అలాంటి హాస్టల్లోనే ఉంది. మా ఇంట్లో ఉండమంటే "వద్దత్తా, ఇంట్ల ఉంటే సదువు సాగదు" అంది. దాని గదిలో నాలుగు మంచాలు. ఒకప్పుడు అది ఏదో ఫ్లాటులో హాలు. మధ్యలో చెక్క పార్టిషన్ పెట్టి రెండు గదులు చేశారు. కిటికీ ఈ గదిలోకి వచ్చింది, బాల్కనీ తలుపు ఆ గదిలోకి పోయింది. ఉన్న ఒక్క కిటికీ ఒక్క మంచానికే దక్కింది. మిగతా మూడు మంచాలకీ పగలూ రాత్రీ ట్యూబులైటే. ఆ లైటు కూడా గోడ మీద ఓ మూలన. స్విచ్ తలుపు పక్కన.

"రాత్రి పదకొండు కొట్టంగనే ఒగరు ఆర్పుమంటరు, ఒగరు వద్దంటరు. పొద్దుగాల నాలుగింటికి లేసెటోళ్లు ఒగరు, రాత్రి రెండు దాక సదివెటోళ్లు ఇంకొగరు. గీ ఒక్క స్విచ్ కాడ రోజూ పంచాయితే అత్తా!" అని నవ్వుతూనే చెప్పింది గానీ, దాని కళ్ల కింద నల్లని చారలు నేను చూస్తూనే ఉన్నా. పడుకోవాలనుకున్న పిల్ల ముఖం మీద చున్నీ కప్పుకుంటుంది. చదవాలనుకున్న పిల్ల సెల్‌ఫోను టార్చి వెలిగించుకుని దుప్పట్లో దూరుతుంది. పరీక్ష ఒకటే, సిలబస్ ఒకటే, నిద్రా మెలకువా మాత్రం ఒకరికొకరు శత్రువులు.

చిన్న వెలుగులో చదివితే కళ్లు పోతాయని మన పెద్దవాళ్లు భయపెట్టేవాళ్లు కదా, అది నిజం కాదు. మసక వెలుగులో కళ్లు అలసిపోతాయి, మండుతాయి, తలనొప్పి వస్తుంది. విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి. అసలు ఇబ్బంది నిద్రది. మన కంట్లో చూపుకోసం కాకుండా, పగలో రాత్రో మెదడుకి కబురు చెప్పడానికే కొన్ని కణాలున్నాయని 2002లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. నీలం కలిసిన తెల్లటి వెలుగంటే వాటికి చురుకెక్కువ. రాత్రి పన్నెండింటికి నెత్తిమీద తెల్లటి ట్యూబులైటు వెలుగుతుంటే ఒంటికి ఇంకా పొద్దు గుంకలేదనే లెక్క. పగలేమో కిటికీ లేని మంచం మీద మసక చీకటి! పగలు చాలినంత వెలుగూ లేదు, రాత్రి చాలినంత చీకటీ లేదు.

మరి ఈ పిల్లలేం చేస్తున్నారు? కొందరు డబ్బు కట్టి స్టడీ హాల్‌కి వెళ్తున్నారు. మా పేటలో వీధికి రెండు మూడు కనిపిస్తాయి. లోపల చెక్కతో చేసిన చిన్న చిన్న అరలు, అరకో కుర్చీ, ఓ ప్లగ్గు, ఓ చిన్న లైటు, దానికో స్విచ్. మా మేనకోడలు నన్ను ఓసారి చూడ్డానికి తీసుకెళ్లింది. నాకైతే ఊపిరాడలేదు. కిటికీ అన్నమాటే లేదు. అదేమో ఆ స్విచ్ నొక్కి చూపించి, "గిది నా లైటు అత్తా. ఎవ్వలూ ఆర్పరు" అంది. ఇంట్లో చెల్లెలితో, హాస్టల్లో ముగ్గురితో పంచుకున్న పిల్లకి మొదటిసారి దొరికిన సొంత దీపం అది!

డబ్బు కట్టలేనివాళ్లకి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. లోపల చోటు దొరక్కపోతే ఆవరణలో చెట్ల కింద కుర్చీలు వేసుకుంటారు. పొద్దున్న ఓ చోట ఉన్న కుర్చీ మధ్యాహ్నానికి ఇంకో చోట కనిపిస్తుంది. నీడ ఎటు జరిగితే కుర్చీ అటు జరుగుతుంది. వెలుగు ఎక్కువైతే లోపలికి, తక్కువైతే బయటికి. నాకు ఈ మొత్తం పేటలో వెలుగు మీద పూర్తి పెత్తనం ఉన్నవాళ్లు ఆ చెట్ల కింద పిల్లలే అనిపిస్తుంది. వానొస్తే తప్ప!

ఒకే వెలుగు అందరికీ సరిపోదు

మా ఇంట్లో గొడవ ఇంకో రకం. మా అత్తగారికి ఇప్పుడు 82 ఏళ్లు. "లైటు చాలడం లేదమ్మాయ్" అంటారు. మా వారు "అబ్బ, కళ్లు మండిపోతున్నాయి, ఓ లైటు తీసెయ్" అంటారు. హాల్లో అదే సోఫా, అదే లైటు. ఒకరికి చీకటి, ఒకరికి మంట. ఆవిడది చాదస్తమనుకునేరు, కానే కాదు. వయసు పైబడ్డకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. ఇరవయ్యేళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో అరవయ్యేళ్ల కంటికి చేరేది సుమారు మూడో వంతే. అంటే మనవరాలికి సరిపోయిన దీపం నాన్నమ్మకి మూడు దీపాలయితే గానీ సరిపోదు. అలాగని గదంతా మూడు రెట్లు వెలిగిస్తే మిగతావాళ్లకి కష్టం, పైగా శుక్లాలున్న కళ్లకి ఆ మెరుపు ఇంకా కష్టం.

కాబట్టి గదిది గదికి, మనిషిది మనిషికి. గదిలో సాదా వెలుగు ఉంచి, ఎవరి పని దగ్గర వాళ్లకో దీపం పెట్టడమే దీనికి మందు. దీపం దగ్గరికి జరిగితే వెలుగు ఎంత పెరుగుతుందో తెలుసా? దూరం సగమైతే వెలుగు నాలుగింతలు! ఆరడుగుల ఎత్తున ఉన్న బల్బు చేసే పని, మూడడుగుల దూరంలో పెడితే నాలుగోవంతు బల్బు చేస్తుంది. మా అత్తగారి కుర్చీ పక్కన మెడ వంచే లైటొకటి పెట్టాను. ఎల్ఈడీయే. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ పాతకాలం 60 వాట్ల బల్బంత వెలుగిస్తుంది, చెయ్యి కాలదు కూడా. కొనేటప్పుడు డబ్బా మీద కెల్విన్ అంకె చూసుకోండి. 6500 అంటే తెల్లటి వెలుగు, 3000 అంటే పసుపుపచ్చటిది. రాత్రి పడుకునే ముందు చదువుకునేవాళ్లకి పసుపుదే మేలు. బల్బు మాత్రం కంటికి నేరుగా కనబడకూడదు, పుస్తకమే కనబడాలి. కుడిచేత్తో రాసేవాళ్లకి దీపం ఎడమ పక్కన ఉంటే చేతి నీడ కాగితం మీద పడదు.

ఆ లైటొచ్చాక ఆవిడ మళ్లీ పత్రిక చదవడం మొదలుపెట్టారు. ఎక్కువ చేస్తారు, తక్కువ చేస్తారు, పక్కకి తిప్పుతారు. నన్ను పిలవడం తగ్గింది. అమెరికాలో ఆఫీసులాంటి గదులు ఏర్పాటు చేసి, కొందరికి ఎవరి వెలుగు వాళ్లు పెంచుకునే, తగ్గించుకునే వీలిచ్చి చూశారు. ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. ఎవరికి వాళ్లు పెట్టుకున్న వెలుగుల్లో చాలా తేడాలున్నాయట. వీలున్నవాళ్లకి సాయంత్రం దాకా పని మీద ఆసక్తి నిలిచిందట. పని వేగం మాత్రం అమాంతం పెరిగిపోలేదు. అది చదివి నాకు అత్తగారే గుర్తొచ్చారు. ఆవిడ కూడా వేగంగా ఏం చదవరు, విసుక్కోకుండా చదువుతారు.

వంటింటి మాట చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. అపార్ట్‌మెంట్లలో వంటింటి కిటికీ చాలాచోట్ల డక్టులోకి తెరుచుకుంటుంది. పైన ఆకాశం ఉన్నా గోడలు నల్లగా నాచు పట్టి ఉంటే వెలుగు కిందికి దిగదు. మేం నాలుగు ఫ్లాట్లవాళ్లం చందాలేసుకుని డక్టు గోడలకి తెల్ల సున్నం వేయించాం. పగలు లైటు అవసరం బాగా తగ్గింది, మూడో అంతస్తు దాకా మాత్రమే. కిందివాళ్లకి ఏ సున్నమూ సాయపడలేదు, నిజం చెప్పాలి కదా. ఇక రాత్రి సంగతి. లైటు మన వీపు వెనక ఉంటే కత్తిపీట మీద మన నీడే పడుతుంది. పై అర అడుగు భాగాన ఓ చిన్న పట్టీ లైటు బిగించండి. దానికి స్విచ్ గట్టు దగ్గరే పెట్టించండి, తలుపు దగ్గర కాదు.

తెరల విషయానికొస్తే, నాలుగు రెక్కల కిటికీ మళ్లీ చేయించుకోనక్కర్లేదు. పై నుంచి కింది దాకా ఉన్న తెరని రెండు ముక్కలు చేయండి. నిలబడ్డ మనిషి తలకన్నా కాస్త ఎత్తులో రెండో కడ్డీ బిగించి కింది ముక్క దానికి వేలాడదీయండి. పై ముక్క పగలంతా తీసే ఉంచొచ్చు. గదికి తెల్ల కప్పు ఉంటే ఇంకా మంచిది, పైనించి వచ్చిన వెలుగుని అది గదంతా పంచుతుంది. ఎదురు భవనం మీకన్నా ఎత్తయితే మాత్రం ఈ చిట్కా పనిచేయదు. వాళ్లకి పై ముక్కలోంచే కనిపిస్తుంది. అప్పుడు పల్చటి తెల్లగుడ్డ వాడండి. పగలు బయట వెలుగెక్కువ కాబట్టి లోపలివాళ్లు కనబడరు. కానీ రాత్రి లైటు వేశారో, అంతా తిరగబడుతుంది. అదే గుడ్డలోంచి బయటివాళ్లకి మీరు స్పష్టంగా కనిపిస్తారు! పొద్దు గుంకగానే దాని మీద మందపాటిది వేయాల్సిందే.

దిక్కు కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యరోజుల్లో మధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. అందుకే దక్షిణం కిటికీకి ఎండాకాలం ఎండ బాధ లేదు, చిన్న చూరు చాలు. చలికాలం వంగిన ఎండ హాయిగా లోపలికి వస్తుంది. దక్షిణం కిటికీ తెర ఏడాదంతా మూసి ఉంచేవాళ్లు ఊరికే నష్టపోతున్నారు. పడమటి కిటికీది వేరు. సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది, చూరు ఆపలేదు. దానికి తడికె కిటికీ బయటే కట్టాలి. లోపల ఎంత మందం తెర వేసినా వెలుగు ఆగుతుందేమో గానీ, అద్దం దాటొచ్చిన వేడి గదిలోనే ఉంటుంది.

ఇక మా మేనకోడలి గది. మంచానికో చిన్న లైటు పెట్టుకుంటామంటే హాస్టలు యజమాని మొదట ఒప్పుకోలేదు, కరెంటు బిల్లన్నాడు. పిల్లలు గ్రూప్స్‌కి చదువుతున్నారు కదా, అర్థమెటిక్ వాళ్ల దగ్గరే ఉంది! 5 వాట్ల లైటు రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి 900 వాట్ అవర్లు, ఒక్క యూనిట్ కూడా నిండదు. నలుగురివీ కలిపి నాలుగు యూనిట్లలోపే. అర్ధరాత్రి దాటి వెలిగే ట్యూబులైటు ఆర్పేస్తే అందులో చాలావరకు తిరిగొస్తుంది. కాగితం మీద రాసి చూపించారు. ఓ వారం నానబెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు వేలాడకూడదు, వైరింగు తన ఎలక్ట్రీషియనే చేస్తాడు, లైట్లు మాత్రం వాళ్లే కొనుక్కోవాలి అని షరతులు పెట్టి సరేనన్నాడు. వేలాడే బోర్డుల సంగతిలో ఆయన మాటే సబబు లెండి.

ఇప్పుడు పదకొండింటికి ట్యూబులైటు ఆరిపోతుంది. ఎవరు మేలుకుంటే వాళ్ల మంచం మీదే వెలుగు. కిటికీ పక్క మంచం పంచాయితీ ఇంకా తేలలేదు. నెలకొకరు మారదామని మా పిల్ల అంటోంది. ఆ మంచం మీదున్న అమ్మాయి, పరీక్ష అయ్యేదాకా ఆగమంటోంది.